కొండదారి ఎవరి కోసం? మన్యంలో రహదారి నిర్మాణ చరిత్ర, కొత్త సాంకేతికత

పాఠ్యభాగ లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:

- అరకు లోయ, దాని చుట్టుపక్కల మన్యం ప్రాంతాలలో రహదారులు ఎప్పుడు, ఏ అవసరాల కోసం ఏర్పడ్డాయో వివరించగలుగుతారు.
- 1922-24 మన్యం తిరుగుబాటుకూ రోడ్డు పనికీ ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
- స్వాతంత్ర్యానంతరం రహదారి ఇంజనీరింగ్‌లో వచ్చిన శిక్షణ, పదార్థాలు, సాఫ్ట్‌వేర్ మార్పులను తెలుసుకుంటారు.
- ఈ మార్పులు కొండ గూడేలకు చేరడంలో ఆలస్యం ఎందుకు జరిగిందో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర చదివే మనకు తారు, కంకరల గొడవ ఎందుకని విద్యార్థులు తరచు అడుగుతుంటారు. ప్రశ్న న్యాయమైనదే. శాసనాలు, ఫర్మానాలు, గెజెటీర్లు చరిత్రకు ఆధారాలని మీరు ఇంతకుముందే చదువుకున్నారు. రోడ్డు కూడా అటువంటి ఆధారమే. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, ఏ ఊరిని కలిపి ఏ ఊరిని వదిలేసిందో చూస్తే, వేసిన కాలంలో ప్రభుత్వం ఎవరిని లెక్కలోకి తీసుకుందో తెలుస్తుంది.

తూర్పు కనుమలలోని మన్యం ఈ పరిశీలనకు చాలా అనువైన ప్రాంతం. విశాఖ తీరానికి దగ్గరలోనే, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున అరకు లోయ ఉంది. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అది భాగం. బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, ఖోండు, పోర్జ, గదబ మొదలైన ఆదివాసీ సమూహాలు ఇక్కడ జీవిస్తున్నాయి. పర్యాటకుల బస్సులు వరుసకట్టి ఎక్కే ఘాట్ రోడ్డు ఈ కొండల్లోనే ఉంది. గర్భిణిని డోలీలో మోసుకుంటూ కాలిబాటన దిగే గూడేలు కూడా ఈ కొండల్లోనే ఉన్నాయి. ఒకే కొండ మీద ఈ రెండూ ఎందుకున్నాయి? ఇంజనీర్లకు కొండ మీద రోడ్డు వేయడం తెలియక కాదు. ఆ సంగతిని ఈ పాఠంలో దశలవారీగా చూద్దాం. ప్రతి దశలోనూ మూడు ప్రశ్నలు మనసులో ఉంచుకోండి: రోడ్డు ఎవరి అవసరం కోసం? ఎవరి శ్రమతో? ఎవరి లెక్క ప్రకారం?

2. రోడ్డుకు ముందున్న దారులు

రోడ్డు లేదంటే రాకపోకలు లేవని అర్థం కాదు. తీరం నుంచి ఉప్పు కొండల మీదికి, కొండల నుంచి ధాన్యం, చింతపండు, పసుపు, మైనం వంటివి మైదానానికి తరతరాలుగా నడిచాయి. బంజారాలు పెరికెద్దుల మీద సరుకు వేసుకుని జయపురం, బస్తరు దిశగా కనుమలు దాటేవారు. వారపు సంతలు ఈ దారుల కూడళ్లలోనే వెలిశాయి.

కాలిబాటకూ బండిబాటకూ తేడా ఏమిటో ఒక చిన్న లెక్కతో అర్థం చేసుకోవచ్చు. మనిషి నిటారుగా ఎక్కగలడు. నాలుగు మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తు పెరిగే బాట మీద బరువు మోయడం కష్టమే గాని అసాధ్యం కాదు. ఆ లెక్కన 900 మీటర్ల ఎత్తు ఎక్కడానికి 3.6 కిలోమీటర్ల బాట చాలు. వాహనం అలా ఎక్కలేదు. కొండ ప్రాంతపు రోడ్లకు మన దేశంలో సాధారణంగా పాటించే వాలు 20కి 1, అంటే 5 శాతం. ఆ వాలుతో అదే ఎత్తు ఎక్కాలంటే 18 కిలోమీటర్ల రోడ్డు కావాలి. అంటే కాలిబాటకు 5 రెట్లు. ఆ పొడవునా కొండను తొలచాలి, అడ్డుగోడలు కట్టాలి, ప్రతి గెడ్డ మీదా కల్వర్టో చప్టాయో వేయాలి. అందువల్ల కొండలో రోడ్డు వేయాలంటే పెద్ద ఎత్తున డబ్బు, శ్రమ కావాలి. ఆ రెండూ పెట్టించగల శక్తి ఎవరిదో, రోడ్డు కూడా వారి అవసరాన్ని బట్టే నడిచింది.

3. రోడ్డు, వెట్టి, తిరుగుబాటు

మన్యాన్ని సాధారణ పాలన నుంచి వేరు చేసి 'ఏజెన్సీ'గా పాలించే పద్ధతి 1839 చట్టంతో మొదలైంది. కొండలను పాలకులు రెండు కళ్లతో చూశారు. ఒక కన్ను అడవి మీద, రెండవది శాంతిభద్రతల మీద. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత పోడు వ్యవసాయం మీద, అటవీ ఉత్పత్తుల సేకరణ మీద ఆంక్షలు పెరిగాయి. అంతకు కొద్ది ముందే, 1879-80లో, రంపలో పెద్ద ఫితూరీ జరిగింది. దారులు లేని కొండల్లో తిరుగుబాటును అణచడం ఎంత కష్టమో ప్రభుత్వానికి అప్పుడు తెలిసివచ్చింది. ఆపైన కొండల్లోకి రోడ్డు అంటే కలప కిందికి దిగే దారి, పోలీసులు పైకి ఎక్కే దారి.

అరకుకు నైరుతి దిశలో ఉన్న గూడెం కొండలలో ఈ విధానం పర్యవసానం స్పష్టంగా కనబడుతుంది. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు పనిని 1920ల ఆరంభంలో చేపట్టారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఈ పనికి చుట్టుపక్కల ఆదివాసీలను బలవంతంగా రప్పించాడు. ఇస్తామన్న కూలి కూడా సరిగా ఇవ్వలేదు. సొంత పొలం పని మాని, అడవిలో తిండి సేకరణ మాని, తమకు అక్కరలేని రోడ్డుకు రాళ్లు మోయవలసి వచ్చింది. పోడు మీద ఆంక్షలు, ముఠాదారుల హక్కుల కోత, భూవివాదాలు అప్పటికే ఉన్నాయి. రోడ్డు వెట్టి వాటికి తోడయింది.

అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. గాం గంటందొర, గాం మల్లుదొర వంటి స్థానిక నాయకులు ఉద్యమానికి వెన్నెముకగా నిలిచారు. దానిని అణచడానికి మలబారు స్పెషల్ పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను రప్పించారు. 1924 మే 7న సీతారామరాజును కొయ్యూరు వద్ద కాల్చి చంపారు.

మన్యం తిరుగుబాటు గురించి రాసేటప్పుడు విద్యార్థులు అటవీ చట్టాన్ని ప్రస్తావిస్తారు, రోడ్డును మరచిపోతారు. బాస్టియన్ ఒక్కడి దుర్మార్గంగా దీనిని చూస్తే సరిపోదు. వేరొకరి అవసరానికి స్థానికుల శ్రమతో రోడ్డు వేసే పద్ధతికి అతడు స్థానిక అధికారి మాత్రమే. ఆ పద్ధతిలో కొండల్లోని మనిషి రోడ్డు మీద ప్రయాణించేవాడు కాడు, రోడ్డుకు కూలీ.

*మీ ప్రగతిని పరీక్షించుకోండి: మన్యం తిరుగుబాటు కారణాలలో రోడ్డు నిర్మాణం పాత్రను ఐదు వాక్యాలలో రాయండి.*

4. విద్యుత్తు కోసం, ఖనిజం కోసం

స్వాతంత్ర్యం తరువాత కొండల్లోకి పెద్ద యంత్రాలు ప్రవేశించాయి. ఆంధ్ర, ఒడిశా సరిహద్దున మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ప్రారంభమైంది. టర్బైన్లు, సిమెంటు, ఇనుము కొండల మీదికి చేరాలంటే రోడ్లు కావాలి, అవి వచ్చాయి.

అంతకన్నా గొప్ప ఉదాహరణ కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడ నుంచి జపానుకు పంపే ఉద్దేశంతో 1960వ దశకంలో దీనిని నిర్మించారు. యాభైకి పైగా సొరంగాలు తొలిచారు. అరకు దగ్గరి శిమిలిగూడ స్టేషన్ సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైనదిగా అది చాలాకాలం పేరు పొందింది. బొర్రా గుహలు చూడడానికి వెళ్లేవారు నేడు ఆనందంగా ప్రయాణించే మార్గం ఇదే.

ఇక్కడ మీరు గమనించవలసినది ఒకటుంది. తూర్పు కనుమలను తొలిచి బరువైన ఖనిజపు రైళ్లను నడిపే సామర్థ్యం మన ఇంజనీర్లకు, కార్మికులకు 1960లలోనే ఉంది. అదే కనుమల్లో, ఆ పట్టాలకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని గూడేలకు జీపు వెళ్లే మట్టిరోడ్డు కూడా లేదు. కాబట్టి గూడెంకు దారి లేకపోవడానికి 'దుర్గమ ప్రాంతం' అన్న కారణం ఒక్కటే చాలదు. ఖనిజం విలువ లెక్కలో ఉంది. గూడెం అవసరం లెక్కలో లేదు.

5. రహదారి శాస్త్రం, శిక్షణ సంస్థలు

ఇదే కాలంలో దేశంలో రహదారి ఇంజనీరింగ్ ఒక ప్రత్యేక శాస్త్రంగా ఎదిగింది. ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన 1927లో ఏర్పడిన కమిటీ 1928లో నివేదిక ఇచ్చింది. దాని సిఫారసుల మేరకు 1929లో కేంద్ర రహదారి నిధి, 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏర్పడ్డాయి. ఈ రెండవ సంస్థ పేరులో కాంగ్రెస్ ఉన్నా రాజకీయ పక్షం కాదు. రోడ్లకు ప్రమాణాలు నిర్ణయించే ఇంజనీర్ల సంఘం. కేంద్ర రహదారి పరిశోధనా సంస్థ 1952లో ఢిల్లీలో ప్రారంభమైంది. ఇంజనీర్ల శిక్షణకు 1983లో ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. నోయిడాలోని ఇండియన్ అకాడమీ ఆఫ్ హైవే ఇంజనీర్స్ అదే. హైదరాబాదులో 1998లో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఇంజనీర్లతోపాటు తాపీ మేస్త్రీలకు, యంత్రాలు నడిపేవారికి కూడా శిక్షణ ఇస్తోంది.

ప్రమాణాలను శాస్త్రవేత్తలు రాస్తారు కాబట్టి అవి అందరికీ సమానమని అనుకుంటాం. 1961-81 కాలానికి రూపొందిన రహదారి ప్రణాళికను చూడండి. దీనిని బొంబాయి ప్రణాళిక అంటారు. అభివృద్ధి చెందిన వ్యవసాయ ప్రాంతంలో ఏ ఊరూ మెటల్ రోడ్డుకు 4 మైళ్లకు మించిన దూరంలో ఉండరాదని అందులో లక్ష్యం పెట్టుకున్నారు. అభివృద్ధి చెందని, సాగు లేని ప్రాంతాలకు ఆ దూరాన్ని 12 మైళ్లుగా నిర్ణయించారు. మైదానంలో ఎడ్లబండి మీద 4 మైళ్లు వెళ్లేవాడికి ఒక హక్కు, కొండల్లో కాలినడకన 12 మైళ్లు వెళ్లేవాడికి వేరొక హక్కు. అందులో ద్వేషమేమీ లేదు. ఉన్న నిధులను పంట ఎక్కువ పండేచోట పెట్టాలన్న ఆర్థిక తర్కం అది. కాని అభివృద్ధి చెందలేదు కాబట్టి రోడ్డు అక్కరలేదు, రోడ్డు లేదు కాబట్టి అభివృద్ధి చెందదు అన్న చక్రంలో కొండలు చిక్కుకున్నాయి.

6. కొండ, రాయి, నీరు

కొత్త పదార్థాల గురించి తెలుసుకునే ముందు అవి ఎదుర్కొనే సమస్య ఏమిటో తెలియాలి. తూర్పు కనుమలలో విస్తారంగా కనబడే రాతికి 'ఖొండలైట్' అని పేరు. ఈ కొండలలో నివసించే ఖోండు ప్రజల పేరునే భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రాతికి పెట్టారు. ఈ రాయి ఎండకూ వానకూ త్వరగా శిథిలమై మెత్తని మట్టిగా మారుతుంది. రోడ్డు కోసం కొండను నిలువుగా కోసినప్పుడు ఆ కోత ముఖం వానలో నాని జారిపడుతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ, వాటికి తోడు బంగాళాఖాతం తుఫానులూ ఈ కొండలను తడుపుతాయి. 2014 అక్టోబరు 12న తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను విశాఖతోపాటు అరకు ప్రాంతాన్ని కూడా దెబ్బతీసింది.

రోడ్డుకు బరువు కన్నా నీరే పెద్ద శత్రువు. ఆధునిక రహదారి శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడైన స్కాట్లాండు ఇంజనీరు మెకాడమ్ (1756-1836) చెప్పిన ముఖ్య సూత్రం ఇదే: అడుగునేల పొడిగా ఉన్నంతవరకు అదే బరువు మోస్తుంది, కాబట్టి నీటిని పైన నిలవనీయకు, కిందికి దిగనీయకు. నేటి ప్రయోగశాలలో నేల బలాన్ని కొలిచే సి.బి.ఆర్. పరీక్ష కూడా ఆ భయాన్నే గుర్తుచేస్తుంది. మట్టి నమూనాను 4 రోజులు నీటిలో నానబెట్టి, ఆ తరువాత ఉక్కు కడ్డీని అందులోకి నొక్కుతారు. ఎంత బలంతో నొక్కితే ఎంత లోతు దిగిందో చూసి, ప్రామాణికమైన కంకరతో పోలుస్తారు. నానిన మట్టి ఎంత మోయగలదన్నదే ప్రశ్న. ఆ జవాబును బట్టి రోడ్డు మందం నిర్ణయిస్తారు.

కొండ రోడ్డులో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం తారు పొర కాదు, కొండ వైపున ఉండే పక్క కాలువ. అది పూడిపోతే మొదటి పెద్ద వానకే నీరు రోడ్డు మీదుగా పారి, లోయ వైపు అంచును కోసుకుపోతుంది. మీ ప్రాంతంలో కొండ రోడ్డు పాడైన చోట నిలబడి చూడండి. చాలాసార్లు కారణం పక్క కాలువలోనో, మూసుకుపోయిన కల్వర్టులోనో దొరుకుతుంది.

7. కొత్త పదార్థాలు

గత రెండు దశాబ్దాలలో గ్రామీణ రోడ్లకు కొత్త పదార్థాలను వాడడం పెరిగింది. మన్యానికి పనికివచ్చే నాలుగింటిని చూద్దాం.

మొదటిది చల్లని మిశ్రమం. పాత పద్ధతిలో పీపాలో తారును కట్టెలతో మరిగించి, వేడి కంకరతో కలిపి పరిచేవారు. పొగ, కాలిన గాయాలు, కట్టెల కోసం చెట్లు నరకడం ఇందులో భాగం. తారును సన్నని బిందువులుగా నీటిలో కలిపి తయారుచేసే ఎమల్షన్‌ను వేడి చేయనక్కరలేదు. కొండల్లోని చలిలో, తడిలో పని చేయడానికి ఇది అనువు.

రెండవది వ్యర్థ ప్లాస్టిక్. మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాల ఆచార్యుడు ఆర్. వాసుదేవన్ దీనిని అభివృద్ధి చేశారు. ఆయనకు 2018లో పద్మశ్రీ లభించింది. ముక్కలు చేసిన ప్లాస్టిక్‌ను వేడి కంకర మీద చల్లితే అది కరిగి రాతికి పొరగా అంటుకుంటుంది. తరువాత తారు కలుపుతారు. రాయికీ తారుకూ పట్టు పెరిగి, నీరు మధ్యలో దూరడం తగ్గుతుంది. దీనికి 2013లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు వెలువరించింది. అయితే ప్రతి ప్లాస్టిక్కూ పనికిరాదు. పి.వి.సి.ని వేడి చేస్తే విషవాయువులు వెలువడతాయి కాబట్టి దానిని వాడరాదు.

మూడవది పీచు వస్త్రం. జనపనారతో లేదా కొబ్బరి పీచుతో నేసిన జియోటెక్స్‌టైల్‌ను మెత్తని నేల మీద పరిస్తే కంకర మట్టిలోకి దిగబడకుండా ఆపుతుంది. కోసిన వాలు మీద కప్పితే గడ్డి మొలిచేదాకా మట్టిని పట్టి ఉంచుతుంది. 2020లో కేంద్ర ప్రభుత్వం గ్రామీణ రోడ్లలో కొబ్బరి పీచు వస్త్రాన్ని వాడేందుకు ఎంచుకున్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి.

నాలుగవది మీకు బాగా తెలిసినదే, వట్టివేరు. దాని వేళ్లు నిలువుగా లోతుకు దిగి మట్టిని బిగించి పట్టుకుంటాయి. వాలు రక్షణకు మొక్కలను వాడే ఈ పద్ధతిని బయో ఇంజనీరింగ్ అంటున్నారు. పేరు కొత్తది. వాన జోరును ఆపడానికి గడ్డిని వాడుకోవడం మన రైతులకు కొత్త కాదు.

ఈ నాలుగింటిలో మూడు పదార్థాలు స్థానికంగా దొరికేవి లేదా గ్రామీణ శ్రమతో తయారయ్యేవి. కాబట్టి వీటిని వాడే నైపుణ్యం స్థానిక యువతకు నేర్పితే, రోడ్డు వేసేటప్పుడే కాక దానిని కాపాడేటప్పుడు కూడా వారికి పని దొరుకుతుంది. శిక్షణ అంటే పట్టణంలోని ఇంజనీరుకు ఇచ్చేది మాత్రమే కాదని దీనివల్ల తెలుస్తుంది.

8. సాఫ్ట్‌వేర్, లెక్కలోకి రావడం

2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ప్రారంభమైంది. గ్రామీణ రోడ్ల చరిత్రలో ఇది పెద్ద మలుపు. అంతవరకు ఏ ఊరికి రోడ్డన్నది చాలావరకు పలుకుబడి మీద ఆధారపడేది. ఇప్పుడు దానికి ఒక నియమం వచ్చింది. 2001 జనాభా లెక్కల ప్రకారం మైదానంలో 500 మంది, కొండ ప్రాంతాలలో, అయిదవ షెడ్యూలు ప్రాంతాలలో 250 మంది ఉన్న ఆవాసానికి అన్ని కాలాలలో పనికివచ్చే రోడ్డు వేయాలి. వరంగల్ ఎన్.ఐ.టి. వంటి సాంకేతిక సంస్థలు అంచనాలను పరిశీలించసాగాయి. నిర్మాణం తరువాత అయిదేళ్లు మరమ్మతుల బాధ్యత గుత్తేదారుదే.

ఈ పథకాన్ని నడిపే ఓమాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఆవాసం, ప్రతి రోడ్డు, ప్రతి చెల్లింపు నమోదవుతాయి. 2015లో వచ్చిన 'మేరీ సడక్' యాప్ ద్వారా పౌరులు ఫొటోతో ఫిర్యాదు చేయవచ్చు. మరమ్మతుల చెల్లింపును రోడ్డు స్థితితో ముడిపెట్టే ఈ-మార్గ్ అనే వ్యవస్థ కూడా వచ్చింది. ఉపగ్రహ చిత్రాలు, డ్రోన్ సర్వేలు కొండ ఎత్తుపల్లాలను ముందే చూపుతున్నాయి. ఒకప్పుడు ఘాట్ ట్రేసర్ అనే చిన్న పరికరం పట్టుకుని, వాలు చూసుకుంటూ కొండంతా నడిచి గీసిన రేఖను నేడు కంప్యూటరు తెర మీద పదిసార్లు మార్చి చూసుకోవచ్చు. ఏ మార్గంలో మట్టి తవ్వకం తక్కువో, ఏ మలుపు ప్రమాదకరమో అది చెబుతుంది.

ఇది మేలైన మార్పు. కాని సాఫ్ట్‌వేర్ దానిలో నమోదైన ఊళ్ల గురించే ఆలోచిస్తుంది. మన్యంలో ఒక పంచాయతీ అంటే ఒక ఊరు కాదు. వేర్వేరు కొండల మీద చెదిరి ఉన్న చిన్న చిన్న గూడేలు. 15 కుటుంబాలు ఒకచోట, 20 కుటుంబాలు మరొక వాలు మీద. ఉదాహరణకు 260 మంది ఉన్న ఆవాసానికి అర్హత ఉంది. 90 మంది ఉన్న గూడెంకు లేదు. కొండల్లో 1.5 కిలోమీటర్ల నడకదూరంలోని ఆవాసాలను కలిపి లెక్కించే వీలు నిబంధనలలో ఉంది. అంతకన్నా దూరమైతే అదీ వర్తించదు. పైగా అదే దూరంలో రోడ్డు ఉంటే ఆ గూడెం 'అనుసంధానమైనది' కిందే లెక్క. మైదానంలో ఈ హద్దు 500 మీటర్లు మాత్రమే. నిటారు బాటలో 1.5 కిలోమీటర్లు రోగిని మోయడం ఎటువంటిదో మోసినవారికే తెలుసు.

ఈ హద్దులు క్రమంగా కిందికి దిగాయి. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలలో 100 మంది ఉన్న ఆవాసాలకు అవకాశం వచ్చింది. 2023 నవంబరులో ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకం బాగా వెనుకబడిన ఆదివాసీ సమూహాల ఆవాసాలకు 100 మంది హద్దుతో రోడ్లు మంజూరు చేస్తోంది. మన్యంలోని ఖోండు, పోర్జ, గదబ, కొండరెడ్డి సమూహాలు ఆ వర్గంలోకి వస్తాయి. 2024 సెప్టెంబరులో ఆమోదం పొందిన సడక్ యోజన నాలుగవ దశ 2011 జనాభా లెక్కలను ఆధారంగా తీసుకుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో 'అడవితల్లి బాట' పేరిట గిరిజన ఆవాసాల రోడ్ల కార్యక్రమం ప్రారంభించింది.

మూడు అంకెలను వరుసగా చూడండి: 500, 250, 100. కొండ మారలేదు, రాయి మారలేదు, వాన మారలేదు. మారినది ఎంతమంది ఉంటే మనుషులుగా లెక్కించాలన్న నిర్ణయం. మన్యం గూడేలకు రోడ్డును దగ్గర చేసినది కొత్త తారు కన్నా ఈ అంకెల మార్పే ఎక్కువ.

*మీ ప్రగతిని పరీక్షించుకోండి: గూడెం జనాభా హద్దు మారడం వల్ల రోడ్డు అర్హత ఎలా మారిందో ఒక ఉదాహరణతో వివరించండి.*

9. అడవి, గ్రామసభ, శ్రమ

రోడ్డు మంజూరయ్యాక అటవీ భూమి ప్రశ్న వస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం మూడవ సెక్షన్ ప్రకారం రోడ్డు వంటి సౌకర్యాలకు ఒక్కొక్క సందర్భంలో 1 హెక్టారు కన్నా తక్కువ అటవీ భూమిని, హెక్టారుకు 75కు మించకుండా చెట్లు తొలగించి వాడుకోవచ్చు. దీనికి గ్రామసభ సిఫారసు తప్పనిసరి. ఒక హెక్టారు అంటే 10,000 చదరపు మీటర్లు. రోడ్డుకు 6 మీటర్ల వెడల్పు తీసుకుంటే అది సుమారు 1.7 కిలోమీటర్ల పొడవుకు సరిపోతుంది. అంతకు మించితే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి తెచ్చుకోవాలి. చాలా రోడ్లు కాగితం మీద ఆగేది ఇక్కడే.

1922లో గూడెం ప్రజలను ఎవరూ అడగలేదు. నేడు చట్టం గ్రామసభను అడగమంటోంది. ఈ తేడా చిన్నది కాదు. రోడ్డు ఏ గెడ్డ పక్కగా పోవాలో, ఏ వాలు ప్రతి ఏడూ జారుతుందో, ఏ చోటు దేవతలదో గూడెం పెద్దలకు తెలుసు. డ్రోను చూడలేని సంగతులు అవి. గ్రామసభ తీర్మానం సంతకాల తంతుగా మిగిలితే రోడ్డుకూ నష్టమే.

రోడ్డుతో మందులు, బడి, సంత ధర వస్తాయి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీ, మిరియాలు, పసుపు మంచి ధరకు అమ్ముకోవాలంటే రైతుకు రోడ్డు కావాలి. వడ్డీ వ్యాపారి, భూమి కొనే దళారీ వచ్చేది కూడా ఆ దారినే. షెడ్యూలు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించే నిబంధనను 1970లో బిగించడానికి ఉన్న నేపథ్యం ఇదే. దీనినే ప్రజలు '1/70 చట్టం' అంటారు. కాబట్టి భూమి రక్షణ లేని రోడ్డు సగం మేలు మాత్రమే చేస్తుంది.

శ్రమ విషయంలో కూడా మార్పు వచ్చింది. 2005 ఉపాధి హామీ చట్టం మట్టిపనికి కూలిని హక్కుగా చేసింది. ఇటీవల మన్యంలో కొన్ని గూడేల ప్రజలు ప్రభుత్వం కోసం ఎదురుచూసి విసిగి, చందాలు వేసుకుని, పలుగూ పారా పట్టి కొండను తవ్వి సొంతంగా మట్టిదారి వేసుకున్నారు. ఆ వార్తలు చదివి మనం మెచ్చుకుంటాం. నూరేళ్ల కిందట వారి తాతముత్తాతలు ఇతరుల రోడ్డుకు కూలి లేకుండా పనిచేశారు. ఇప్పుడు వీరు తమ రోడ్డుకు కూలి లేకుండా పనిచేశారు. మొదటిది బలవంతం, రెండవది ఇష్టం. అయినా రెండు సందర్భాలలోనూ ఖర్చు భరించినది గూడెమే. మెచ్చుకోలు దగ్గరే ఆగితే ఈ సంగతి మన కంటికి ఆనదు.

10. సారాంశం

మన్యంలో రోడ్డు చరిత్ర సాంకేతిక అసమర్థత చరిత్ర కాదు. వలస ప్రభుత్వం కలపకూ పోలీసులకూ రోడ్డు వేసింది, దానికి వెట్టి చేయించింది. స్వాతంత్ర్యానంతర కాలం విద్యుత్తుకూ ఖనిజానికీ కొండలను తొలిచింది. ప్రణాళికలు కొండలను 'అభివృద్ధి చెందని ప్రాంతం'గా వర్గీకరించి ఎక్కువ దూరాన్ని సరిపెట్టాయి. 2000 తరువాత జనాభా హద్దులు తగ్గేకొద్దీ గూడేలు లెక్కలోకి వచ్చాయి. చల్లని మిశ్రమం, ప్లాస్టిక్, పీచు వస్త్రం, వట్టివేరు, సాఫ్ట్‌వేర్ ఇవన్నీ రోడ్డు ఎలా వేయాలో చెప్పగలవు. ఎవరికి వేయాలో చెప్పవలసింది సమాజమే.

రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516-ఇ జాతీయ రహదారి నేడు ఈ కొండల వెంట సాగుతోంది. సీతారామరాజు నేలకొరిగిన కొయ్యూరు ఆ దారిలోనే ఉంది. మీరు ఆ రోడ్డు మీద వెళ్తే, పక్కకు చీలే ప్రతి మట్టిబాటనూ చూడండి. దాని చివర ఏ గూడెం ఉంది, అక్కడ ఎంతమంది ఉన్నారు, వారు ఏ జాబితాలో ఉన్నారని విచారించండి. గ్రామ సడక్ యోజన రోడ్డు మొదట్లో పొడవు, ఖర్చు, గుత్తేదారు వివరాలతో ఒక బోర్డు ఉంటుంది. దానిని కూడా ఒక శాసనాన్ని చదివినట్లే చదవండి.

ముఖ్య పదాలు

*వెట్టి:* కూలి లేకుండా, లేదా నామమాత్రపు కూలికి బలవంతంగా చేయించే పని.
*ఫితూరీ:* ప్రభుత్వంపై తిరుగుబాటు.
*గెడ్డ:* కొండవాగు.
*ఆవాసం:* ప్రణాళిక కోసం ఒక యూనిట్‌గా లెక్కించే నివాసాల సముదాయం.
*ఎమల్షన్:* తారును సన్నని బిందువులుగా నీటిలో కలిపిన ద్రవం.

నమూనా పరీక్షా ప్రశ్నలు

క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వలస పాలనా కాలంలో మన్యంలో రోడ్డు నిర్మాణ లక్ష్యాలను, వాటి పర్యవసానాలను చర్చించండి.
2. 'మన్యం గూడేలకు రోడ్డును దగ్గర చేసినది కొత్త తారు కన్నా అంకెల మార్పే ఎక్కువ.' ఈ అభిప్రాయాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.

క్రింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కొండ రోడ్లలో నీటి పారుదల ప్రాధాన్యాన్ని వివరించండి.
2. కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం మన్యం చరిత్రలో ఏమి తెలుపుతుంది?
3. మీ ఊరికి రోడ్డు వచ్చిన కథను పెద్దలను అడిగి తెలుసుకుని, ఈ పాఠంలోని మూడు ప్రశ్నల ఆధారంగా రాయండి.